రాత్రి డెస్కులో హెడ్డింగు పెట్టే మిత్రులకు

తెలుగు పత్రికల్లో, చానెళ్లలో, వెబ్‌సైట్లలో నైట్ షిఫ్టు చేసే సబ్‌ఎడిటర్లకు, ఇన్‌చార్జిలకు, యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద అక్షరాలు పెట్టేవాళ్లకు నమస్కారం.

ఎడిటర్లకు రాయొచ్చు. రాస్తే మర్యాదగా బదులు కూడా ఇస్తారు. కానీ పన్నెండింటికి పేజీ వదిలేముందు హెడ్డింగు పెట్టేది మీరు. అందుకే ఈ ఉత్తరం మీకే.

నేనూ ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే. పదకొండేళ్లు డెస్కు మీద పనిచేశాను, అందులో ఎక్కువ భాగం ఈ చెన్నైలోనే. ఇప్పుడు బయట నుంచి రాసి పంపుతుంటాను. నేను రాసేవి రెండే విషయాలు: పెళ్లి చట్రంలో పట్టని బంధాలు, మనసుకొచ్చే జబ్బులు. మొదట్లో ఇవి రెండూ వేరనుకున్నాను. ఒకదాని గురించి అడుగుదామని ఎవరింటికైనా వెళ్తే, అరగంటకల్లా రెండోది కూడా కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి పక్కన కూర్చునేది.

పోయినేడాది ఒక ఐటమ్ రాశాను. ఇద్దరు ఆడవాళ్లు. చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు మీద ఉద్యోగాలు, వేళచ్చేరిలో అద్దె ఇల్లు, ఏడేళ్లుగా కలిసి ఉంటున్నారు. ఇద్దరిదీ నెల్లూరు వైపే. ఒకామెకు డిప్రెషన్. కాలేజీ రోజుల నుంచీ ఉన్నదే, ఈ ప్రేమ వల్ల వచ్చింది కాదు. ఆ మాట ఆమె నాతో మూడుసార్లు అంది. "ఇది తప్పకుండా రాయండి మేడం. లేకపోతే దీనివల్లే అదొచ్చిందనుకుంటారు." రాశాను.

ఒక రాత్రి ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. కౌంటర్లో ఫారం ఇచ్చారు. పేరు, వయసు, ఫోన్ నంబరు గబగబా నిండిపోయాయి. తర్వాతి గడి: పేషంటుతో సంబంధం. రెండో ఆమె పెన్ను అక్కడ ఆగింది. కౌంటర్లో అబ్బాయి ముందు తమిళంలో అడిగాడు, తర్వాత వచ్చీరాని తెలుగులో అడిగాడు: "పేషంటుకు మీరేమవుతారు?" అక్క అంటే ఆధార్ చూపించమంటారేమో. ఫ్రెండ్ అంటే ఇంట్లోవాళ్లను పిలవమంటారు. ఇంట్లోవాళ్లంటే, ఎవరి నుంచి తప్పించుకుని వీళ్లు చెన్నై వచ్చారో వాళ్లే. చివరికి "రూమ్మేట్" అని రాసింది. "ఏడేళ్లు కాపురం చేసి రూమ్మేట్‌గా తేలాను" అని నాతో చెప్పినప్పుడు పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నేను పెట్టి పంపిన హెడ్డింగు ఆ కౌంటర్ అబ్బాయి ప్రశ్నే: పేషంటుకు మీరేమవుతారు? తెల్లారి పేపర్లో ఉన్నది: "వింత కాపురం.. మాత్రలతో సంసారం!"

ప్రాస కుదిరింది, కాదనను. రెండు చుక్కలు, ఒక ఆశ్చర్యార్థకం. నేను డెస్కులో ఉన్న రోజుల్లో నాకు ఇలాంటిది తడితే పక్క సీటువాళ్లకు చూపించి టీ తెప్పించేదాన్ని. మన డెస్కులకు ప్రాస పిచ్చి. చూశారా, నాకూ నోట్లోంచి "పిచ్చి" అనే మాటే వచ్చింది. ఉండనివ్వండి, కొట్టేయను.

ఐటమ్‌లో పేర్లు మార్చాను. ఊరు రాయలేదు. కానీ "రిటైరైన పోస్ట్‌మాస్టర్ కూతురు" అని ఒక ముక్క వదిలేశాను. ఐటమ్‌కి కాస్త ప్రాణం వస్తుందని. చిన్న ఊళ్లో పోస్ట్‌మాస్టర్ ఎంతమంది ఉంటారు? మధ్యాహ్నానికల్లా ఆ క్లిప్పింగు ఫొటో వాట్సాప్‌లో వాళ్లమ్మకు చేరింది. పంపింది వదిన వరసయ్యే మనిషి. సాయంత్రం ఫోనొచ్చింది. "ఏంది మే ఇది? మాత్రల సంసారమంట. అంత రోగమా నీకు?" కాపురం సంగతి ఆ తల్లికి ఎప్పుడో తెలుసు, తెలియనట్టు ఉంటోంది. ఆమెకు కొత్తగా తెలిసింది మాత్రల సంగతి. ఊరంతా చదివింది కూడా అదే.

ఆ రాత్రి నుంచి కూతురు మాత్రలు మానేసింది. పదకొండు రోజులు. ఇలాంటి మందులు డాక్టరుకు చెప్పకుండా ఉన్నట్టుండి ఆపితే తల తిరుగుతుంది, నిద్ర పట్టదు, గాభరా పెరుగుతుంది, జబ్బు తిరగబెట్టనూవచ్చు. ఆమెకు అన్నీ అయ్యాయి. పన్నెండో రోజు బతిమాలి, తిట్టి, ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఆ రూమ్మేటే.

ఇప్పుడు బాగుంది. ఈ ఉత్తరం మొత్తం ఆమెకు చదివి వినిపించాకే బయటపెడుతున్నాను. పోస్ట్‌మాస్టర్ ముక్క దగ్గర ఆపి, "ఇది మార్చండి" అంది. మార్చాను. వాళ్ల నాన్న పోస్ట్‌మాస్టర్ కాదు.

ఏ పత్రికో చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. ఆ రోజు షిఫ్టులో ఉన్న ఇన్‌చార్జి మంచి మనిషి. ఫోన్ చేస్తే, "మేడం, రీడర్‌కి ఒక్క చూపులో అర్థం కావాలి కదా" అన్నాడు. మూడు రోజులకు వెబ్‌లో హెడ్డింగు మార్చారు కూడా. వాట్సాప్‌లో తిరిగే ఫొటోను ఎవరు మారుస్తారు? హెడ్డింగు మీది, ఆ ఒక్క ముక్క నాది. తప్పులో నాకూ వాటా ఉంది కాబట్టే ఇది కోపంతో రాయడం లేదు. అసలు కోపమే లేదని అంటే మాత్రం అబద్ధం.

నా పాత వాటా ఇంకొకటి ఉంది. చేరిన కొత్తల్లో ఒక స్ట్రింగర్ పంపిన వార్త: భర్త పోయిన ఒకావిడ వేరే మనిషితో కలిసి ఉంటోందని కొడుకు గొడవపడ్డాడు. నేను పెట్టిన హెడ్డింగులో "కామం" అనే మాట ఉంది. ఇంట్రోలో "పచ్చని సంసారంలో చిచ్చు" అని కూడా ఉంది. ఆ మాట ఒక్కసారైనా రాయని సబ్‌ఎడిటర్ ఎవరైనా ఉంటే చెప్పండి, వచ్చి కాళ్లకు దణ్ణం పెడతాను. ఆవిడ ఎవరో, పేపరు చూసిందో లేదో నాకు తెలియదు. ఇన్‌చార్జి "బాగుంది" అన్నది మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

మళ్లీ వేళచ్చేరి ఐటమ్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే అందులో అసలు పనికొచ్చే ముక్క కోతలో పోయింది. కింద ప్రకటన పడింది, ఐటమ్‌ను కింది నుంచి కోశారు. కోయాల్సింది కింది నుంచే, మనందరం నేర్చుకున్నది అదే. పోయిన రెండు పేరాల్లో ఉన్నదిది: 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఎవరైనా తమ తరఫున మాట్లాడే మనిషిని ముందే ఎంచుకోవచ్చు. సెక్షన్ 14. ఆ మనిషి రక్తసంబంధి కానక్కర్లేదు, భర్తో భార్యో కానక్కర్లేదు, మైనరు కాకుండా, ఆ బాధ్యత మోయగలిగి, ఒప్పుకుంటున్నట్టు రాసిస్తే చాలు. స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి సంతకం చేస్తే చాలు, వేలిముద్రయినా చెల్లుతుంది. ఈ ముక్క ఆ రోజు పేపర్లో వచ్చి ఉంటే, ఆ కౌంటర్ ముందు పెన్ను ఆగిపోయే ఇంకెంతమందికో ఉపయోగపడేది. వాళ్లిద్దరూ ఇప్పుడు అలాంటి కాగితాలు రాసుకున్నారు, ఒకరికొకరు. గోద్రెజ్ బీరువాలో గ్యాస్ బుక్కు పక్కన పెట్టుకున్నారు.

అదే చట్టం సెక్షన్ 3లో ఇంకో మాట ఉంది. ఒక మనిషి తన చుట్టూ ఉన్న సమాజపు నీతికీ ఆచారానికీ నమ్మకాలకీ ఒదగనంత మాత్రాన అది మానసిక జబ్బని తేల్చకూడదు. స్వలింగ ప్రేమ జబ్బు కాదని భారత మానసిక వైద్యుల సంఘం 2018లోనే ప్రకటించింది. దాన్ని "మాన్పుతాం" అనే వైద్యం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. అంటే డాక్టర్ల వైపు నుంచి ఈ వాదన ముగిసింది. ముగియనిది హెడ్డింగుల్లోనే.

మాటల సంగతి కాస్త ఓపిగ్గా చూద్దాం. "స్వలింగ సంపర్కులు" అని రాస్తాం. సంపర్కం అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? మనుషుల మొత్తం జీవితాన్ని, అంటే ఇంటద్దె, పాలప్యాకెట్, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు సెలవు పెట్టడం, వీటన్నింటినీ పడకగదిలోకి నెట్టి తలుపేసే మాట అది. పెళ్లిరోజు జరుపుకున్న దంపతుల ఫొటో కింద "భిన్నలింగ సంపర్కులైన ఫలానా రావు దంపతులు" అని రాస్తామా? రాస్తే పొద్దున్నే ఆఫీసు ముందు ధర్నా. "స్వలింగ జంట" అంటే అర్థం కాని తెలుగువాడు లేడు. రెండు అక్షరాలు తక్కువ కూడా, సింగిల్ కాలమ్‌లో పడుతుంది.

"అక్రమ సంబంధం" ఇంకొకటి. అక్రమమంటే చట్టం ఒప్పనిది. ఏ చట్టం? పెళ్లికి ముందు సంబంధాల గురించి 2005లో ఏదో అన్నందుకు నటి ఖుష్బూ మీద, ఎక్కువగా ఇక్కడ తమిళనాడులోనే, కేసుల మీద కేసులు పెట్టారు. మొత్తం 23. 2010 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్నీ కొట్టేసింది, ఇష్టపడి కలిసి ఉండే మేజర్లది నేరం కాదని కూడా చెప్పింది. వ్యభిచారాన్ని నేరమనే 497 సెక్షన్ 2018 సెప్టెంబరులో పోయింది. అంతకు మూడు వారాల ముందే 377 సెక్షన్ మీద తీర్పు వచ్చింది, ఇష్టపడి కలిసే మేజర్ల స్వలింగ బంధం నేరం కాదని. భార్యను మోసం చేసినవాణ్ని తిట్టాలనుంటే ఎడిట్ పేజీలో తిట్టండి, నేనూ రాస్తాను. క్రైమ్ పేజీలో "అక్రమ" అని వేయడం తిట్టు కూడా కాదు, తప్పు సమాచారం.

ఇక "హిజ్రాల హల్‌చల్". దీని జోలికి పోతే ఉత్తరం పెరుగుతుంది. ఒక్క విషయం. ఆడవేషంలో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చనే నిజాం కాలపు చట్టం, 1919 నాటిది, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా పుస్తకాల్లోనే ఉంది. ఇప్పుడది లేదు. ఆ హెడ్డింగు మాత్రం వారానికొకసారి ఏదో ఒక జిల్లా పేజీలో దర్శనమిస్తూనే ఉంది.

నేనుంటున్న ఊళ్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. మదురై నుంచి ఇద్దరు అమ్మాయిలు ఇంట్లోంచి వచ్చేసి చెన్నైలో తలదాచుకున్నారు. తల్లిదండ్రులు మిస్సింగ్ కేసులు పెట్టారు. రక్షణ కోసం వాళ్లు మద్రాసు హైకోర్టుకు వెళ్తే, జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ వెంటనే తీర్పు రాయలేదు. ఈ విషయంలో తనకే అవగాహన చాలదని చెప్పి, ముందు ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఆ సంగతి దాచుకోకుండా 2021 జూన్ 7 నాటి ఉత్తర్వులో రాశారు కూడా. హైకోర్టు జడ్జికి లేని మొహమాటం మనకెందుకు? ఆ కేసు సాగుతుండగానే 2022లో తమిళనాడు పోలీసు నడవడిక నియమాల్లో ఇలాంటివాళ్లను వేధించకూడదని చేర్చారు. గౌరవంగా పిలవడానికి తమిళంలో ఏయే మాటలు వాడాలో ప్రభుత్వమే గెజిట్‌లో అచ్చేసింది. ట్రాన్స్ మహిళను "తిరునంగై" అనడం ఇక్కడి పేపర్లకు అంతకు ముందు నుంచే అలవాటు.

నాకు బాగా నచ్చింది మద్రాసు హైకోర్టుదే, 2025 మే 22 నాటి తీర్పు. ఇంట్లోవాళ్లు బలవంతంగా తీసుకెళ్లిన ఒక అమ్మాయిని విడిపించమని ఆమె స్నేహితురాలు వేసిన కేసు. స్నేహితురాలు అంటే ఏమిటో జడ్జిలకు అర్థమైంది. కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే దారి కాదు, ఎంచుకున్న కుటుంబం కూడా కుటుంబమే అని రాశారు. అంతకన్నా మన పనికి దగ్గరి మాట ఇంకోటి ఉంది అందులో. "క్వియర్" అనే ఇంగ్లిషు పదం వాడటానికే తమకు ఇబ్బందిగా ఉందన్నారు. డిక్షనరీ తెరిస్తే ఆ మాటకు వింత అనే అర్థం వస్తుంది, ఆ మనిషికి తన ఇష్టం సహజమైనదే కదా, మరి వింత అనడమెందుకు అని. ఆ పదాన్ని గర్వంగా చెప్పుకునే స్నేహితులు నాకు చాలామంది ఉన్నారు, వాళ్లు జడ్జిలతో ఒప్పుకోరు. అది వేరే గొడవ. నాకు తట్టింది మాత్రం ఒకటే: కోర్టు ఏ అర్థం చూసి ఆగిందో, సరిగ్గా ఆ మాటనే మనం డెబ్బై రెండు పాయింట్ల పెద్దక్షరాల్లో హెడ్డింగు పెట్టాం.

తెలుగులో అలాంటి గెజిట్ మనకు లేదు. వస్తే మంచిదే, కానీ కమిటీ కూర్చుని తయారుచేసిన మాటలు ఎలా ఉంటాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పాఠ్యపుస్తకంలో ఉంటాయి, ఎవరి నోట్లోనూ ఉండవు. దానికన్నా తేలిక పని ఒకటుంది. ఆ మనిషినే అడగొచ్చు. "మిమ్మల్ని ఏమని రాయమంటారు?" వేళచ్చేరి ఆమెను నేను అడిగితే చాలాసేపు ఆలోచించి, "నా మనిషి అని రాయండి" అంది. నా మనిషి. ఇంత తెలుగు మాట మన స్టైల్‌బుక్కులో లేకపోవడం ఏమిటి?

పెరంబూరులో ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నారు. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు, భార్య పోయింది. ఆవిడ భర్త కూడా రైల్వేయే, పోయాడు. ఇద్దరూ గూడూరు వైపు తెలుగువాళ్లు. సాయంత్రం వాకింగులో మొదలై, ఇప్పుడు ఒకే ఇంట్లో ఉంటున్నారు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే ఆవిడ వేళ్ల మీద లెక్క చెప్పింది: మళ్లీ పెళ్లి చేసుకుంటే ఫ్యామిలీ పెన్షను ఆగిపోతుంది. "తాళి కడితే నెలనెలా వచ్చేది పాయె. కట్టకపోతే జనం నోళ్లు. నోళ్లు ఉచితమే గదమ్మా." ఆమెకు బీపీ మాత్రలు ఆయన, ఆయనకు నిద్ర మాత్ర ఆమె ఇస్తారు. భార్య పోయాక ఏడాదిన్నర నిద్ర లేక డాక్టరు దగ్గరికి వెళ్లిన మనిషి. ఒక యూట్యూబ్ చానెల్ కుర్రాడు వచ్చి ఇంటర్వ్యూ చేసి వెళ్లాడు, మర్యాదగానే. థంబ్‌నెయిల్ మీద మాత్రం "లేటు వయసులో ఘాటు ప్రేమ" అని పడింది. ఆయన వాకింగు మానేశాడు. ఎవరూ ఏమీ అనలేదట. చూసి నవ్వారట, అంతే.

ఆత్మహత్య వార్తల గురించి మీకు తెలియనిది నేను చెప్పేదేమీ లేదు. ప్రెస్ కౌన్సిల్ 2019లోనే చెప్పింది: ప్రముఖంగా వేయొద్దు, పదేపదే వేయొద్దు, ఎలా చేసుకున్నారో ఎక్కడ చేసుకున్నారో వివరించొద్దు, సంచలన హెడ్డింగు వద్దు. చికిత్సలో ఉన్న మనిషి ఫొటో, వివరాలు ఆ మనిషి ఒప్పుకోకుండా మీడియాకు ఇవ్వకూడదని పైన చెప్పిన చట్టంలోనే సెక్షన్ 24 ఉంది. అయినా ఇద్దరమ్మాయిల వార్త వచ్చిందంటే చాలు, అన్నీ మరిచిపోతాం. అదే పరిస్థితిలో ఉన్న ఇంకో అమ్మాయి హాస్టల్ గదిలో ఫోన్ తెరిచి, మన వార్తలో తన కథకు ముగింపు వెతుక్కుంటుందన్న ధ్యాస మాత్రం ఆ నిమిషానికి రాదు. స్థలం లేదనకండి. 14416. అయిదంకెలు. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్, 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఏ కాలమ్‌లోనైనా పడుతుంది.

మానసిక ఆస్పత్రుల మీద వేసే జోకుల సంగతి ఇక ముట్టుకోను. హైదరాబాదులో "ఎర్రగడ్డ", విశాఖలో "చినవాల్తేరు", ఇక్కడ "కీళ్‌పాక్". ఊరు మారితే జోకులో ఆస్పత్రి పేరు మారుతుంది, అంతే. కీళ్‌పాక్ ఆస్పత్రి మూలాలు 1794 నాటివి. రెండు శతాబ్దాలకు పైగా జనానికి వైద్యం చేస్తున్న చోటు పేరు తిట్టయి కూర్చుంది. నెల్లూరు నుంచి గుండెకూ, కంటికీ, మోకాలికీ చెన్నై వస్తారు, వెళ్లి ఊరంతా చెప్పుకుంటారు. మనసుకు వచ్చినవాళ్లు మాత్రం "చుట్టాల పెళ్లికి వెళ్లొచ్చాం" అంటారు.

ఈ ఊళ్లోనే ఉండి మాలతీ చందూర్ గారు దశాబ్దాల పాటు వారపత్రికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చారు. ఇంట్లో చెప్పుకోలేని సంగతులు, భర్తకు చెప్పలేనివి, తల్లికి చెప్పలేనివి ఇన్‌ల్యాండ్ కవరులో మడిచి ఒక పత్రికకు పంపేవాళ్లు మన ఆడవాళ్లు. మా అమ్మ కూడా ఒకసారి రాసింది, ఏం రాసిందో చచ్చినా చెప్పలేదు. ముక్కూమొహం తెలియని పత్రికను అంత నమ్మారు. నాతో మాట్లాడే మనుషులు ఇప్పుడు మొదట అడిగేది: "హెడ్డింగు మీరే పెడతారా?" కాదు అని చెప్పాల్సి వస్తుంది. సగంమంది అక్కడే లేచిపోతారు.

మీ కష్టం తెలియక కాదు. ఒక్కరికి అయిదు పేజీలు, గంటకోసారి క్లిక్కుల లెక్క, పెరగని జీతం, పదకొండున్నరకు వచ్చి పడే ఐటమ్. ఆ వేళకు బుర్రలో మిగిలేది ప్రాసే. నేను అడిగేది ఎక్కువేం కాదు. ఇలాంటి ఐటమ్‌కి హెడ్డింగు మార్చాలనిపిస్తే రాసినవాళ్లకు ఒక్క ఫోన్ చేయండి. కింది నుంచి కోయాల్సి వస్తే, నంబరున్న పేరా వదిలి పై పేరా కోయండి. ఇంటర్నెట్‌లోంచి తెచ్చే ఆ చీకట్లో మోకాళ్ల మధ్య తలపెట్టుకున్న అమ్మాయి బొమ్మ ఇక చాలు, ఆవిడ ఎవరోగానీ చాలా పత్రికలకు పనిచేసింది, కాస్త రెస్టు ఇవ్వండి. వెబ్‌లో మారిస్తే, మార్చామని కింద ఒక లైను రాయండి.

పెరంబూరు వాళ్ల గురించి ఒక ఐటమ్ రాస్తున్నాను. వాళ్లు ఒప్పుకున్నారు, ఆవిడ పెట్టిన షరతు మీద: అచ్చయ్యేలోపు హెడ్డింగు ఫోన్లో చదివి వినిపించాలి. గురువారం రాత్రి మీకు పంపుతాను, 450 పదాలు. హెడ్డింగు పాతదే, పోయినసారి మీరు వాడలేదు కాబట్టి ఇంకా కొత్తగానే ఉంది: "పేషంటుకు మీరేమవుతారు?" రెండు కాలమ్‌లలో పడుతుంది, కొలిచి చూశాను. పడకపోతే ఫోన్ చేయండి. ఒంటిగంట దాకా మేలుకునే ఉంటాను, పెరంబూరులో ఆవిడ కూడా.

ఇట్లు,
మీ పాత సబ్‌ఎడిటర్,
చూళైమేడు, చెన్నై